2400 దొరకనప్పుడు .357 మాగ్నమ్‌కి ఏ పౌడర్?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 4 అంగుళాల బ్యారెల్ ఉన్న .357 మాగ్నమ్ రివాల్వర్, 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్లనీ పౌడర్‌నీ తూచే చిన్న కొలత) జాకెటెడ్, అంటే సీసం మీద రాగి తొడుగున్న బులెట్. ఇన్నాళ్లూ అలయంట్ 2400 అనే గన్‌పౌడర్‌తో తూటాలు మీరే నింపుకుంటున్నారు, అంటే లోడ్ చేసుకుంటున్నారు. ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల ఏ షాపుకెళ్లినా ఆ డబ్బా లేదు. షెల్ఫ్ మీద ఉన్నవి హెచ్110, హెచ్‌పీ-38, ఆక్యురేట్ నంబర్ 9. పౌడర్లను కాలే వేగం వరసలో పెట్టే బర్న్ రేట్ చార్టులో హెచ్110 మీ 2400కి దగ్గర్లోనే ఉంది కాబట్టి, 2400కి వాడే తూకంలోంచి ఎందుకైనా మంచిదని ఓ పది శాతం తగ్గించి హెచ్110 వేసేయొచ్చా అని.

వేయకండి. వేరే పౌడర్ తూకం అరువు తెచ్చుకోవడం తప్పని అందరూ చెప్తారు. "తగ్గించాం కదా, ఏమవుతుందిలే" అనుకోవడం హెచ్110 విషయంలో అంతకన్నా పెద్ద తప్పని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే సమాధానం కాస్త పొడుగైంది.

ముందు ఆ చార్టు సంగతి. బర్న్ రేట్ చార్టు అంటే ఎంసెట్ ర్యాంకుల జాబితా లాంటిది. 40వ ర్యాంకు వాడు 41వ ర్యాంకు వాడికంటే ముందున్నాడని తెలుస్తుంది కానీ, మధ్యలో అర మార్కు తేడా ఉందో పది మార్కులుందో తెలియదు. పైగా ఒక్కో కంపెనీ చార్టులో వరస ఒక్కోలా ఉంటుంది. అసలు ఏ పౌడర్ ఎంత వేగంగా కాలుతుందన్నది కేసు (తూటా ఇత్తడి గొట్టం) సైజు, బులెట్ బరువు, లోపల పుట్టే ప్రెషర్, వీటన్నిటి మీదా ఆధారపడి మారుతుంది. ఫలానా పని ఏ తరహా పౌడర్లతో అవుతుందో స్థూలంగా చూసుకోవడానికి చార్టు పనికొస్తుంది, అంతే. ఎన్ని గ్రెయిన్లు వేయాలో అది చెప్పదు.

మీ సందర్భంలో జరిగేది చూడండి. 2400 చిన్న చిన్న పలుకులుగా ఉండే ఫ్లేక్ పౌడర్. హెచ్110 బాల్ పౌడర్, సన్నటి గుండ్రటి గింజలు, దట్టంగా సర్దుకుంటాయి. 158 గ్రెయిన్ల బులెట్‌కి పుస్తకాల్లో 2400 గరిష్ఠం ఎక్కడ ఆగుతుందో, సుమారుగా ఆ దగ్గర్లోనే హెచ్110 కనిష్ఠం మొదలవుతుంది. అంటే 2400 తూకంలోంచి పది శాతం కోసి హెచ్110 వేస్తే, అది మెత్తని లోడ్ అవ్వదు. ఆ పౌడర్ సరిగ్గా అంటుకునే హద్దు దాటి కిందికి పోయినట్టు. తిరగేసి చూస్తే ఇంకా ఘోరం: హెచ్110 తూకం చూసుకుని 2400 వేసినవాడు .357కి సామీ (అమెరికా తుపాకీ పరిశ్రమ ప్రమాణాల సంస్థ) పెట్టిన 35,000 పీఎస్ఐ ప్రెషర్ హద్దు దాటి ఎక్కడికో వెళ్లిపోతాడు. రెండూ చార్టులో ఇరుగుపొరుగు పౌడర్లే.

హెచ్110 గింజల మీద మంటను నెమ్మదింపజేసే పూత ఉంటుంది. ఆ పూత దాటి నిలకడగా కాలాలంటే వేడి కావాలి, ప్రెషర్ కావాలి, కేసు దాదాపు నిండుగా ఉండాలి, బులెట్ గట్టిగా పట్టి ఉంచే క్రింప్ (కేసు అంచు బిగింపు) కావాలి. వీటిలో ఏది తగ్గినా మంట తడబడుతుంది. మామూలుగా పుస్తక గరిష్ఠంలో పది శాతం తగ్గించి మొదలుపెట్టమని అందరం చెప్పుకునే సూత్రం దీనికి వర్తించదు. హెచ్110, వించెస్టర్ 296 లోడ్లను 3 శాతానికి మించి తగ్గించొద్దని వాటిని అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీ ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తోంది. మీ బులెట్‌కే కంపెనీ కనిష్ఠం అచ్చువేసి ఉంటే ఆ అంకె కింద గీత గీసుకోండి, దానికి దిగువన మీకు పని లేదు.

తగ్గిస్తే ఏమవుతుందంటారా? ఒక రౌండు బాగానే పేలుతుంది, ఇంకోటి సగం కాలుతుంది. ధన్‌మని రావాల్సిన చప్పుడు తుస్సుమంటుంది. జాకెటెడ్ బులెట్ సీసం బులెట్ లాగా జారదు, ప్రెషర్ చాలకపోతే బ్యారెల్లోనే కూర్చుంటుంది. అప్పుడు మీ అదృష్టం బాగుంటే బులెట్ తోక సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య చిక్కుకుని సిలిండర్ తిరగదు, తుపాకీయే మిమ్మల్ని ఆపేస్తుంది. ఇంకో అర అంగుళం ముందుకెళ్లి ఆగితే సిలిండర్ హాయిగా తిరుగుతుంది, వెనకాల వచ్చే రౌండు ఆ ఇరుక్కున్న దానికి గుద్దుకుంటుంది, బ్యారెల్ ఉబ్బడమో చీలడమో ఖాయం. అందుకే రేంజిలో ఏ రౌండు చప్పుడు తేడాగా అనిపించినా తర్వాతి ట్రిగ్గర్ నొక్కొద్దు. మజిల్ (బ్యారెల్ ముందు కొస) అవతలికే పెట్టి ఒక అర నిమిషం ఆగండి, ఖాళీ చేయండి, ఇత్తడి రాడ్డు దూర్చి బ్యారెల్ అడ్డు లేకుండా ఉందో లేదో చూడండి. పక్క లేన్‌లో వాళ్లు చూస్తున్నారని మొహమాటపడకండి.

అలాగని హెచ్110 చెడ్డ పౌడర్ కాదు. .357లో, .44 మాగ్నమ్‌లో పూర్తి బలంతో బరువైన బులెట్ పంపాలంటే దానికి సాటి వచ్చేవి తక్కువ. తూకం కొలిచి పోసే పౌడర్ మెజర్‌లోంచి నీళ్లలా దిగుతుంది, ప్రతి తూకం దాదాపు ఒకేలా పడుతుంది. దాన్ని నిండుగా మాత్రమే వాడాలి. సీసీఐ 550 లాంటి స్మాల్ పిస్టల్ మాగ్నమ్ ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ) పెట్టండి, బులెట్ మీది గాడిలోకి కేసు అంచు వంగేలా గట్టి రోల్ క్రింప్ వేయండి, కంపెనీ అచ్చువేసిన హద్దుల మధ్య ఉండండి. సగం బలం లోడ్ కావాలంటే డబ్బా మార్చండి, తూకం కాదు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. మీకు పూర్తి బలమే కావాలా? 2400 చాలామందికి ఎందుకు నచ్చుతుందంటే అది అటూ ఇటూ సర్దుకుపోతుంది. గరిష్ఠానికి కొంచెం కింద కూడా బుద్ధిగా కాలుతుంది, మామూలు ప్రైమర్‌తోనే అంటుకుంటుంది. అలయంట్ కన్నా ముందు హెర్క్యులిస్ కంపెనీ 1930ల్లో తెచ్చిన పౌడర్ అది. .357 మాగ్నమ్ వచ్చింది 1935లో, .44 మాగ్నమ్ బజారుకొచ్చింది 1956లో. ఆ .44 కోసం పోరాడిన అమెరికన్ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ ప్రయోగాలు ఎక్కువగా 2400 చుట్టూ తిరిగినవే. ఆ పాత తూకాలు ఇప్పటికీ నోటా నోటా తిరుగుతుంటాయి, ఇవాళ్టి పుస్తకాల్లోని గరిష్ఠాల కన్నా ఎక్కువగా ఉంటాయి, వాటిని వదిలేయండి. మీరు రేంజిలో కాగితానికీ స్టీల్ ప్లేటుకీ కాల్చే మనిషైతే, మీకు కావాల్సింది 2400 స్వభావం. ఆ స్వభావం హెచ్110కి లేదు.

మీ షాపులో ఉన్నవాటిలో ఆ స్వభావానికి దగ్గరది ఆక్యురేట్ నంబర్ 9. ఇదీ బాల్ పౌడరే, మెజర్‌లోంచి చక్కగా దిగుతుంది, మాగ్నమ్ వేగాలిస్తుంది. నిండుగా ఉన్నప్పుడే ఇష్టపడుతుంది కానీ హెచ్110 అంత మొండిది కాదు. మీ స్థానంలో నేనుంటే అదే కొంటాను. దొరికితే విహ్తావూరి ఎన్110 కూడా మంచిదే, కాకపోతే ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అలయంట్ 300-ఎంపీ, రామ్‌షాట్ ఎన్‌ఫోర్సర్ రెండూ పూర్తి బలానికి పనికొచ్చేవి, వాటితో కిందికి దిగే సాహసం వద్దు. లిల్‌గన్ .410 షాట్‌గన్ కోసం పుట్టిన పౌడర్, తక్కువ ప్రెషర్‌లో ఎక్కువ వేగం ఇస్తుందని పేరు. బ్యారెల్ తొందరగా వేడెక్కిస్తుందన్న పేరూ దానికే ఉంది, నేను వాడను.

ఐఎంఆర్ 4227 గురించి ఓ మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే 2400కి బదులు అడిగితే షాపువాళ్లు తరచూ దాన్నే చేతిలో పెడతారు. చిన్న పుల్లముక్కల్లాంటి పౌడర్, అందరికన్నా సౌమ్యమైనది, తగ్గించినా గొడవ చేయదు, వేగం మాత్రం కొంచెం తక్కువ. దానితో ఉన్న చిక్కు ఏమిటంటే, 4 అంగుళాల బ్యారెల్లో మెత్తగా లోడ్ చేస్తే పూర్తిగా కాలదు. కాలని పసుప్పచ్చ పుల్లలు బ్యారెల్లో, కేసుల్లో మిగిలిపోతాయి. ఖాళీ కేసులు తోసేటప్పుడు అవి రాలి ఎజెక్టర్ స్టార్ (కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు భాగం) కిందికి చేరతాయి. రెండు గింజలు అక్కడ ఇరుక్కున్నా స్టార్ పూర్తిగా కూర్చోదు, సిలిండర్ మూయడం కష్టమవుతుంది, మూసినా కేసు అడుగు ఫ్రేమ్‌కి రాసుకుని ట్రిగ్గర్ బరువెక్కుతుంది. తుపాకీ పాడైందేమో అని గన్‌స్మిత్ దగ్గరికి పరుగెత్తేవాళ్లు ఉన్నారు. కేసులు తోసేటప్పుడు మజిల్ ఆకాశం వైపు పెట్టి ఒక్క దెబ్బతో తోయండి, జేబులో పాత టూత్‌బ్రష్ ఉంచుకుని స్టార్ కింద ఒకసారి గీకండి, సరిపోతుంది.

బ్లూ డాట్ మీద మోజు పడకండి. .357లో 125 గ్రెయిన్ల బులెట్‌తో వాడొద్దనీ, .41 మాగ్నమ్‌లో ఏ బులెట్‌తోనూ అసలు వాడొద్దనీ 2008లో అలయంట్ వాళ్లే నోటీసు ఇచ్చారు. అంతకుముందు అచ్చయిన మాన్యువల్స్‌లో ఆ లోడ్లు ఇంకా దర్శనమిస్తూనే ఉంటాయి. పాత పుస్తకం చదువుకోవడానికి బాగుంటుంది, బెంచి మీద మాత్రం కొత్తదే ఉండాలి.

ఇక హెచ్‌పీ-38. మాగ్నమ్ వేగం కోసం అయితే అది కాదు. తొందరగా కాలే పౌడర్, ప్రెషర్ గబుక్కున శిఖరానికి చేరుతుంది, దానితో పూర్తి మాగ్నమ్ వేగం రాబట్టాలని చూస్తే వేగం కన్నా ముందు ప్రెషర్ హద్దు దాటుతుంది. మెత్తని ప్రాక్టీస్ లోడ్‌కి మాత్రం శుభ్రంగా పనికొస్తుంది, ఒక డబ్బా చాలాకాలం వస్తుంది. దాని ప్రమాదం వేరే. .357 కేసు .38 స్పెషల్‌ని సాగదీసి చేసింది. 1.155 అంగుళాల కేసును 1.290కి పెంచారు. .38 స్పెషల్ పుట్టింది 1898లో, పాతకాలపు బ్లాక్ పౌడర్ కేసు నిండా పోసే రోజుల లెక్కలు ఇంకా పోలేదు. గుహ లాంటి ఆ కేసులో హెచ్‌పీ-38 అడుగున కాస్త కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, తేడా తెలియదు. 2400, హెచ్110 లాంటివి రెండుసార్లు పోస్తే కేసు మీంచి పొర్లి బెంచి మీద పడతాయి, ఎవరైనా గుర్తుపడతారు. అందుకని తొందరగా కాలే పౌడర్ వాడే రోజున యాభై కేసులూ లోడింగ్ బ్లాక్‌లో నిలబెట్టి, బులెట్లు పెట్టకముందే టార్చిలైటు వేసి ప్రతి కేసులో మట్టం చూడండి. ఫోన్ అవతలి గదిలో ఉంచండి.

పేర్ల గందరగోళం కూడా తేల్చేద్దాం. హెచ్110, వించెస్టర్ 296 ఒకే పౌడర్. రెండు డబ్బాలు, రెండు లేబుళ్లు, సరుకొక్కటే. అలాగే హెచ్‌పీ-38, వించెస్టర్ 231 ఒకటే. కాబట్టి షాపులో హెచ్110 అయిపోయి 296 ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, ప్రత్యామ్నాయం అన్న మాటకు తగిన ఏకైక సందర్భం అది. కానీ అంకె కలిసినంత మాత్రాన అన్నీ ఒకటే అనుకోవద్దు. రైఫిల్ పౌడర్లలో హెచ్4350, ఐఎంఆర్ 4350 ఒకే అంకె మోస్తాయి, రెండూ వేర్వేరు. ఇంకోటి, ఒకే పేరుగల పౌడర్‌లో కూడా ఒక లాట్‌కీ (ఒకసారికి తయారైన సరుకు) ఇంకో లాట్‌కీ కొంచెం తేడా వస్తుంది. లాట్ నంబర్ మారితే గరిష్ఠం దగ్గర ఉన్న లోడ్‌ని కాస్త దించి మళ్లీ పైకి రండి. హెచ్110 అయితే ఆ దించడం కూడా కంపెనీ కనిష్ఠానికి దిగువకు పోకుండానే.

కొత్త పౌడర్ అంటే కొత్త లోడ్, పాతదానికి రిపేరు కాదు. పౌడర్ కంపెనీ వెబ్‌సైటులో మీ కార్ట్రిడ్జ్, మీ బులెట్ బరువు, వీలైతే అదే కంపెనీ బులెట్ చూసుకోండి. 158 గ్రెయిన్లు అన్నంతమాత్రాన రెండు బులెట్లు ఒకటి కావు. ఒకటి పొడుగ్గా ఉండి కేసులోకి లోతుగా దిగితే లోపల జాగా తగ్గుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. సీసం బులెట్‌కి ఇచ్చిన తూకం జాకెటెడ్‌కి, జాకెటెడ్‌ది సీసానికి వాడొద్దు. ప్రైమర్ కూడా డేటాలో ఏది రాస్తే అదే. 2400కి పెట్టే మామూలు ప్రైమర్ బదులు మాగ్నమ్ ప్రైమర్ పెడితే ప్రెషర్ పెరుగుతుంది, హెచ్110కి మాగ్నమ్ బదులు మామూలుది పెడితే పైన చెప్పిన తుస్సు వ్యవహారం మొదలవుతుంది.

నేను గ్రెయిన్ల అంకెలు ఎక్కడా ఇవ్వలేదని గమనించే ఉంటారు. కావాలనే ఇవ్వలేదు. నా రివాల్వర్ అంకె మీకు పనికిరాదు, టైపులో ఒక చుక్క అటూ ఇటూ అయితే ఎవరి వేళ్లో పోతాయి. ఆ అంకె మీరు కంపెనీ పేజీలోనే చూడాలి.

పుస్తకంలోని వేగం చూసి ఆశపడొద్దని కూడా చెప్పాలి. హాడ్జ్‌డన్ వారి .357 వేగాలు 10 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌తో తీసినవి. మీది 4 అంగుళాలు, పైగా సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి గ్యాస్ పోతుంది. బులెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో మీ అంకె బాగా తక్కువ కనబడుతుంది. అది సహజం. అది చూసి "ఇంకా జాగా ఉంది" అని పౌడర్ పెంచుకుంటూ పోయినవాళ్లే ఎక్కువగా తుపాకులు పాడుచేసుకునేది. దీనికి తిరుగు ఇంకోటుంది: పొట్టి బ్యారెల్‌తోనే పుస్తక వేగం వచ్చేస్తోందంటే సంతోషించకండి, అక్కడ ఆగి పౌడర్ తూచే స్కేలు సరిచూసుకోండి.

ప్రైమర్ చదునుగా అయిందా, కేసు తేలిగ్గా వచ్చిందా అని చూసి ప్రెషర్ కొలిచే అలవాటు రైఫిల్ వాళ్లది. రివాల్వర్‌లో ఆ గుర్తులు ఆలస్యంగా కనిపిస్తాయి. కేసులు చాంబర్లలో పట్టేసి, ఎజెక్టర్ రాడ్డును అరచేత్తో కొట్టాల్సి వస్తోందంటే మీరు హద్దు దాటి కొంతసేపైంది. మిగిలిన రౌండ్లు కాల్చకుండా ఇంటికి తెచ్చి విప్పేయండి.

క్రింప్ సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. ఒక రౌండు పొడవు కాలిపర్‌తో కొలిచి గుర్తుపెట్టుకోండి. సిలిండర్ నింపి, ఆ ఒక్కటి వదిలేసి మిగతావి కాల్చండి. తర్వాత దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే రికాయిల్‌కి బులెట్ కేసులోంచి బయటికి పాకుతోందన్నమాట. తేలికపాటి రివాల్వర్లలో అది సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి చక్రాన్నే ఆపేస్తుంది. హెచ్110తో అయితే పాకిన బులెట్ వెనక పెరిగిన ఖాళీ మంటను కూడా చెడగొడుతుంది.

తుపాకీ ఏదో మీరు చెప్పలేదు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19, 66 లాంటి కె-ఫ్రేమ్ (మధ్య సైజు ఫ్రేమ్) పాతది అయితే పూర్తి బలం ఉన్న 125 గ్రెయిన్ల లోడ్ల జోలికి పోకండి. వాటిలో బ్యారెల్ వెనక కొస కింది భాగం పలచగా ఉంటుంది, అక్కడే పగుళ్లు వస్తాయి. మీరు 158 వాడుతున్నారు, మంచిదే. రూగర్ బ్లాక్‌హాక్ లాంటి బండతనం ఉన్నదైతే ఈ బెంగ తక్కువ. అయితే ఆ బండతనం పుస్తకంలోని గరిష్ఠాన్ని పెంచదు.

ఇది చదివే మనవాళ్ల కోసం ఒక పక్కమాట. అమెరికాలో హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి గానీ తూటాలు నింపే ప్రెస్ కొనకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇక ఇండియాలో, 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా తూటాలు చేయడం నేరం, కాబట్టి హైదరాబాద్ నుంచి అడుగుతున్న తమ్ముళ్లు ఇది చదివి ఊరుకోండి.

డబ్బాల విషయంలో ఒకటే పట్టింపు. బెంచి మీద ఒకసారికి ఒకే పౌడర్. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది అప్పటికప్పుడే దాని సొంత డబ్బాలోకి పోయాలి. మెజర్‌లో ఉన్నది ఏదో రాత్రికి మర్చిపోతే, చూసి గుర్తుపట్టొచ్చని అనుకోకండి, హెచ్110 నంబర్ 9 పక్కపక్కన పోస్తే నేను కూడా చెప్పలేను. అలాంటిదీ, గన్ షోలో లేబుల్ లేని సీసాలో చవగ్గా ఇచ్చేదీ, ఎర్రటి దుమ్ము పట్టి ఘాటుగా పుల్లటి వాసన కొట్టేదీ, మూడూ పారేయాల్సినవే.

మీకైతే నా సలహా: నంబర్ 9 ఒక్క పౌండు డబ్బా తీసుకోండి, ఎనిమిది పౌండ్లది వద్దు. ముందు మీ బులెట్‌కి పౌడర్ కంపెనీ డేటా ఉందో లేదో షాపులో నిలబడే ఫోన్‌లో చూసుకోండి. లేకపోతే డేటా ఉన్న బులెట్ డబ్బా కూడా అక్కడే కొనండి. ఆ రోజు హెచ్110 మాత్రమే మిగిలి ఉంటే, పూర్తి బలం లోడ్లకే అనుకుని, మాగ్నమ్ ప్రైమర్లు కూడా ఉన్నాయని చూసుకుని తెచ్చుకోండి. రివాల్వర్ మోడల్, బులెట్ కంపెనీ ఏవో చెప్తే మిగతాది మాట్లాడుకుందాం.